కుందేలు వీపుపై రసాయన పరీక్ష

ఒకరి బట్టలు మరొకరి బట్టలతో కలిసిపోకుండా, చాకలివారు పూర్వం వాటి అంచుల మీద నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేవారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ గుర్తు పోయేది కాదు. కాని ఆ బట్ట కట్టుకొన్నవారిలో కొందరికి, సరిగా గుర్తు తగిలిన చోటనే, చర్మం దద్దురెక్కి, పొక్కి, రసి కారేది. తక్కినవారికి ఏమీ అయ్యేది కాదు. “వాడికి జీడి పడదు” అనేవారు పెద్దలు. గోడలకు సున్నం కొట్టేవారి సంగతి వేరు. తడి సున్నంలో చాలసేపు చేతులు పెడితే ఎవరి చేతులైనా ఒరిసి, మండవలసిందే. అక్కడ పడటం, పడకపోవటం అన్న ప్రశ్న లేదు.

పైకి ఈ రెండూ ఒక్కటిగానే కనబడతవి. శాస్త్రజ్ఞుల దృష్టిలో మాత్రం ఇవి వేరువేరు. సున్నం చర్మాన్ని తిన్నగా దెబ్బ తీస్తుంది. తగినంత గాఢతతో, తగినంత కాలం తగిలితే ఎవరినీ విడిచిపెట్టదు. ఇట్టి పదార్థాన్ని ‘ప్రకోపకం’ అందాం. జీడి రసం ముఖ్యంగా మరొక మార్గంలో పనిచేస్తుంది. మొదట తగిలినప్పుడు శరీరంలోని రక్షణ కణాలు దానిని గుర్తు పెట్టుకొంటవి. ఆ తరువాత రవంత తగిలినా పెద్ద దండయాత్ర చేస్తవి. ఇది ఎలర్జీ. ఈ భేదాన్ని పాఠకులు మనసులో ఉంచుకోవలెను. ఎందుకంటే ఈ వ్యాసంలో చెప్పబోయే కుందేలు పరీక్ష మొదటి జాతి హానిని పట్టుకోవటానికి ఏర్పడినది. దానికి దారి తీసిన ప్రమాదాలలో ప్రసిద్ధమైనదేమో రెండవ జాతికి చెందినది!

చర్మం రేగినప్పుడు లోపల ఏమి జరుగుతుంది? దెబ్బ తిన్న కణాలు కొన్ని రసాయనాలను వెలువరిస్తవి. వాటి ప్రభావంవల్ల సన్నని రక్తనాళాలు వెడల్పవుతవి. అందువల్ల చర్మం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల గోడలలోనుంచి నీరు బయటికి ఊరుతుంది; అందువల్ల వాపు. నాడుల కొనలు ప్రేరేపితమవుతవి, అందువల్ల నొప్పి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే ఈ నాలుగు లక్షణాలను క్రీ. శ. మొదటి శతాబ్దంలోనే సెల్సస్ అనే రోమను గ్రంథకర్త పేర్కొన్నాడు. ఈ నాలుగింటితో ముందు ముందు మనకు పని ఉన్నది.

వృత్తినిబట్టి వచ్చే వ్యాధులను గూర్చి ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో ఒక గ్రంథం వ్రాసి, రోగిని అడిగే ప్రశ్నలలో “నీవు చేసే పని ఏమిటి?” అన్నది కూడా చేర్చవలెనన్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో బొగ్గు తారునుంచి రంగులు, మందులు, ద్రావణులు పుంఖానుపుంఖంగా తయారవుతూ వచ్చిన తరువాత ఈ ప్రశ్నకు విలువ హెచ్చింది. 1895లో జోసెఫ్ యాడాసోన్ అనే జర్మను చర్మవైద్యుడు, ఏ పదార్థంవల్ల రోగికి చర్మం రేగుతున్నదో తెలుసుకోవటానికి, ఆ పదార్థాన్నే కొంచెం అతడి చర్మానికి పట్టీ వేసి చూసే పద్ధతి ప్రవేశపెట్టాడు. 1915లో జపానులో యామగివా, ఇచికావా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి, పుట్టకురుపును కృత్రిమంగా కలిగించగలిగారు. చర్మంపై రసాయనం చేసే పనిని పరీక్షించటానికి కుందేలు అనువైన జంతువన్న అభిప్రాయానికి ఈ ప్రయోగం బలం చేకూర్చింది. కుందేలు చవుక, సాధువు, కరవదు. శాస్త్రీయ కారణాలకంటె ఈ కారణాలే ఎక్కువ పనిచేసినవని నా అభిప్రాయం.

ఇక ప్రమాదం సంగతి. 1933 ప్రాంతంలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే పేరుతో కనురెప్పల వెంట్రుకలకు వేసే రంగు ఒకటి అమ్మేవారు. దానిలో పారాఫినైలీన్‌డయమీన్ అనే తారు రసాయనం ఉండేది. ఆ రంగు వాడిన ఒక స్త్రీకి కళ్లు పోయినవి. మరొక స్త్రీ మరణించింది. అయినా ప్రభుత్వం ఆ సరుకును పట్టుకోలేకపోయింది. అప్పటికి అమలులో ఉన్న 1906 నాటి చట్టంలో ఆహారం, ఔషధాలే తప్ప అలంకరణ సామగ్రి ప్రసక్తి లేదు. ఇంతలో 1937లో ఇంకా ఘోరం జరిగింది. ఒక కంపెనీ సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావణిలో కలిపి, తియ్యని పానకంగా అమ్మింది. జంతువులపై పరీక్షించి చూడనే లేదు. నూరుగురికి పైగా మరణించారు. వారిలో చాలామంది పిల్లలు. దేశమంతా గగ్గోలెత్తగా, 1938లో కొత్త చట్టం వచ్చింది.

ఆ చట్టంలో ఒక విచిత్రం ఉన్నది. తారునుంచి చేసే తల రంగులను నిషేధించలేదు. హెచ్చరికను ముద్రించి, ముందు చర్మంపై కొంచెం రాసి పరీక్షించుకోమని చెబితే చాలునన్నారు. కనురెప్పలకు, కనుబొమలకు వేసే రంగులకు మాత్రం ఈ మినహాయింపు ఇవ్వలేదు. మన దేశంలో అమ్మే ఈ జాతి తలరంగుల పెట్టెల మీద కూడా ఇటువంటి హెచ్చరికే ఉంటుంది. ఈసారి చదివి చూడండి.

చట్టం వచ్చింది కాని, ఒక పదార్థం చర్మాన్ని ఎంత రేపుతుందో చెప్పటానికి అందరూ ఒప్పుకొన్న కొలబద్ద లేదు. “కొంచెం ఎర్రబడింది”, “బాగా వాచింది” అని ఎవరికి తోచినట్లు వారు వ్రాసేవారు. న్యాయస్థానంలో ఇవి నిలవవు. ఈ లోటును తీర్చినవాడు అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థలో పనిచేసిన జాన్ డ్రెయిజ్. అతడు వుడర్డ్, కాల్వరీ అనే సహచరులతో కలిసి 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. కంటి పరీక్షకూ, చర్మ పరీక్షకూ ఈనాటికీ అతడి పేరే నిలిచిపోయింది. ఇక్కడ మనకు కావలసినది చర్మ పరీక్ష.

దాని పద్ధతి ఇది. ఆరు తెల్ల కుందేళ్లను తీసుకొంటారు. చర్మంలో వర్ణకం లేనందువల్ల వాటిపై ఎరుపు తేలికగా తెలుస్తుంది. వీపు మీది బొచ్చును కురచగా కత్తిరిస్తారు. ఒకచోట చర్మాన్ని ఉన్నదున్నట్లు వదలి, మరొకచోట సన్నగా గీరుతారు. పైపొర చీలవలెను గాని నెత్తురు రాకూడదు. ద్రవమైతే 0.5 మిల్లీలీటరు, ఘనపదార్థమైతే 0.5 గ్రాము, ఒక చదరపు అంగుళం గాజుగుడ్డ క్రింద ఉంచి, ప్లాస్టరుతో అతికిస్తారు. మొండెం చుట్టూ రబ్బరు పూసిన గుడ్డ చుట్టి, కుందేలు కదలకుండా చట్రంలో 24 గంటలు బిగించి ఉంచుతారు. పట్టీ తీయగానే ఒకసారి, 72 గంటలు నిండినప్పుడు మరొకసారి చర్మాన్ని చూచి మార్కులు వేస్తారు.

ఎరుపుకు సున్న మొదలు 4 వరకు మార్కులు. కనీకనబడని ఎరుపుకు 1. స్పష్టమైన ఎరుపుకు 2. అంతకు మించితే 3. బీట్‌రూట్ రంగుకు తిరిగితే, లేదా పక్కు కట్టటం మొదలైతే 4. వాపుకు కూడ అట్లే. చర్మం సుమారు ఒక మిల్లీమీటరు ఉబ్బితే 3. అంతకంటె ఎక్కువ ఉబ్బి, పట్టీ వేసిన మేర దాటితే 4.

విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. ఆరు కుందేళ్ల సగటు ఇట్లా ఉన్నదనుకొందాం. ఎరుపు: 24 గంటలకు మామూలు చర్మంపై 2, గీరిన చర్మంపై 3; 72 గంటలకు వరుసగా 1, 2. మొత్తం 8. వాపు: 24 గంటలకు 1, 2, 72 గంటలకు 0, 1. మొత్తం 4. రెండూ కలిపితే 12. దానిని 4 చేత భాగిస్తే 3 వస్తుంది. ఇదే ‘ప్రాథమిక ప్రకోప సూచిక’. దీని గరిష్ఠ విలువ 8. రెండుకు లోపయితే పదార్థం స్వల్ప ప్రకోపకం, 2 నుంచి 5 వరకు మధ్యరకం, 5 దాటితే తీవ్రమైనది. మన పదార్థం మధ్యరకం.

ఈ పద్ధతిలోని సుగుణం కాదనరానిది. ఒక ఊరి ప్రయోగశాల చెప్పినదానిని మరొక ఊరివారు అర్థం చేసుకోవటానికి భాష ఏర్పడింది. అదే కాలంలో పిట్స్‌బర్గులోని మెల్లన్ సంస్థలో హెన్రీ స్మిత్, చార్లెస్ కార్పెంటరు అనేవారు రసాయన పరిశ్రమలో పుట్టుకొస్తున్న కొత్త ద్రావణులను వరుసగా పరీక్షించి, కుందేలు పొట్ట చర్మంపై రసాయనం చుక్క వేసి 10 తరగతులుగా విభజించే పద్ధతిని అమలుపరిచారు. 1960లో అమెరికాలో ఇంటి వాడకంలోని ప్రమాదకర పదార్థాలకు హెచ్చరిక చీటీలు అంటించాలన్న చట్టం వచ్చింది. దాని క్రింద చేసిన నియమాలలో కుందేలు పట్టీ పరీక్షయే ప్రమాణమయింది. సూచిక 5 లేదా అంతకు మించితే అది ప్రకోపకమే. సబ్బులు, రంగులు, పురుగుమందులు, గచ్చు కడిగే ద్రవాలు అన్నీ కుందేలు వీపు మీదుగానే బజారుకు వచ్చినవి.

ఇప్పుడు సెల్సస్ చెప్పిన నాలుగు లక్షణాలను జ్ఞప్తికి తెచ్చుకోండి. డ్రెయిజ్ పట్టికలో ఎరుపునకు గడి ఉన్నది. వాపునకు గడి ఉన్నది. వేడికి లేదు. నొప్పికి లేదు. కుందేలు తన నొప్పిని మాటలలో చెప్పలేదు. బిగించిన చట్రంలో గోకుకొని చూపటానికి కూడా వీలు లేదు. ఈ పరీక్షకు పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం పట్టికలో ఎక్కడా కనబడదు.

మరొక చిక్కు ఉపాధ్యాయులకు వెంటనే బోధపడుతుంది. లెక్కల జవాబును ఎవరు దిద్దినా మార్కులు ఒక్కటే వస్తవి. వ్యాసరచనను ఇద్దరు దిద్దితే ఇద్దరూ ఒకటే మార్కులు వేయరు. కుందేలు వీపు మీది ఎరుపు ఏ జాతి ప్రశ్న? ఒకరికి ‘స్పష్టం’గా తోచింది మరొకరికి ‘కనీకనబడని’దిగా తోచవచ్చును. పైగా 4 మార్కుల ఎరుపు 2 మార్కుల ఎరుపునకు సరిగా రెట్టింపు అని ఎవరు చెప్పగలరు? అట్టి అంకెలను కూడి, భాగించి, దశాంశ స్థానం వరకు వ్రాసిన మాత్రాన అవి కొలతలు కావు.

దీనిని అనుమానంగా వదలక, పరీక్షకే పరీక్ష పెట్టినవారు కారల్ వైల్, రాబర్ట్ స్కాలా. వీరు జంతువుల పక్షాన పోరాడేవారు కారు. పరిశ్రమల తరపున పనిచేసే విషవిజ్ఞానులే. వైల్ ఆ మెల్లన్ సంస్థకు చెందినవాడే. ఒకే పదార్థాలను, ఒకే సూచనలతో దాదాపు 25 ప్రయోగశాలలకు పంపి, అందరి ఫలితాలను పోల్చి, 1971లో ప్రచురించారు. ఒకే జవాబు పత్రాన్ని ఇరవై అయిదుగురు పరీక్షకులకు పంపినట్లన్నమాట. ఫలితం పరీక్షకు అనుకూలంగా రాలేదు. ఒక ప్రయోగశాల నిరపాయమన్న పదార్థాన్నే మరొకటి తీవ్రమైనదన్నది. కొన్ని ప్రయోగశాలలు ఎప్పుడూ ధారాళంగా మార్కులు వేస్తే, కొన్ని ఎప్పుడూ పిసినారితనం చూపినవి. కొత్తగా చేసే ఏ నియమంలోనూ ఈ పరీక్షలను ప్రమాణంగా సిఫారసు చేయరాదని వారిద్దరూ తేల్చారు. అయినా పరీక్ష మరి నాలుగు దశాబ్దాలు నిక్షేపంగా సాగింది. చట్టంలోకి ఎక్కిన ఒక పద్ధతిని దించటం, ఎక్కించటమంత సులభం కాదు.

జంతువుల బాధ ప్రశ్న కూడా విడిగా సాగుతున్నది. 1959లో ఇంగ్లండులో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ ఒక గ్రంథంలో మూడు సూత్రాలు చెప్పారు: జంతువుకు బదులు మరొకటి వాడగలిగితే వాడండి, లేకపోతే సంఖ్య తగ్గించండి, తప్పనిసరి అయితే బాధ తగ్గించండి. భారతదేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టంలో కూడా, వీలున్న చోటల్లా జంతువులపై ప్రయోగాలు మానవలెనన్న నిబంధన ఉన్నది. ఇవన్నీ చాలకాలం పుస్తకాలలోనే ఉండిపోయినవి. 1980 ఏప్రిలులో హెన్రీ స్పిరా అనే న్యూయార్కు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, ఒక పెద్ద సౌందర్య సాధనాల కంపెనీపై దినపత్రికలో పూర్తి పుట ప్రకటన వేయించాడు. అతడు ఎత్తుకొన్నది కుందేలు కంటి పరీక్షను. కాని సెగ చర్మ పరీక్షకూ తగిలింది. ఆ కంపెనీ అదే సంవత్సరం ప్రత్యామ్నాయాల పరిశోధనకు 7,50,000 డాలర్లు ఇచ్చింది.

1981లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, అనగా పారిశ్రామిక దేశాల సంఘం, 404వ నంబరు మార్గదర్శిని ప్రకటించింది. 24 గంటల పట్టీ 4 గంటలకు తగ్గింది. గీరటం పోయింది. ఆరు కుందేళ్లు మూడయినవి. 2002 నాటి సవరణలో మొదట తెలిసిన సంగతులన్నీ పరిశీలించమన్నారు. ఉదాహరణకు, పి.హెచ్. విలువ 2 లేదా అంతకు తక్కువ, 11.5 లేదా అంతకు ఎక్కువ అయిన పదార్థాన్ని సాధారణంగా కుందేలుపై వేయనక్కరలేదు. అది చర్మాన్ని కాలుస్తుందని ముందే అనుకోవచ్చును. సున్నపు నీటి సంగతి తెలిసిన పిల్లవాడెవడైనా ఈ మాట 1944లోనే చెప్పి ఉండును!

అసలైన మార్పు మరొక దిక్కునుంచి వచ్చింది. 1975లో అమెరికాలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ అనేవారు మనిషి చర్మం పైపొరలోని కణాలను గాజు పాత్రలో పెంచి, వృద్ధి చేయటం సాధించారు. వారి ధ్యేయం పరీక్షలు కాదు. 1980ల ప్రారంభంలో ఒళ్లు కాలిన రోగులకు ఇట్లా పెంచిన చర్మాన్ని అతికించి ప్రాణాలు నిలిపారు. క్రమంగా శస్త్రచికిత్సలలో మిగిలిన చర్మపు ముక్కలనుంచి కణాలు తీసి, అడుగున పోషక ద్రవం, పైన గాలి తగిలేట్లు పెంచితే, మన చర్మంలో వలెనే పొరలు పొరలుగా పేరుకొని, పైన కొమ్ములాంటి గట్టి పొర కూడా ఏర్పడుతుందని తెలిసింది. వేలిగోరంత ఉండే ఈ చర్మపు బిళ్లలే ఇప్పుడు కుందేలు వీపుకు బదులు.

పరీక్ష సూక్ష్మంగా ఇట్లా ఉంటుంది. ‘ఎపిస్కిన్’ అనే రకంలో బిళ్లపై రసాయనం 15 నిమిషాలు ఉంచి, కడిగి, 42 గంటలు వెచ్చగా ఉంచుతారు. తరువాత ఎం.టి.టి. అనే పసుపు రంగు పదార్థం వేస్తారు. బ్రతికి ఉన్న కణాలు దానిని ఊదారంగు పదార్థంగా మారుస్తవి. చచ్చిన కణాలు మార్చలేవు. ఆ ఊదారంగును ఆల్కహాలులోకి లాగి, ఎంత కాంతిని పీల్చుకొన్నదో యంత్రంతో కొలుస్తారు. రసాయనం తగలని బిళ్లతో పోలిస్తే రంగు సగం, లేదా అంతకు తక్కువ ఉంటే అది ప్రకోపకం. ఇక్కడ ధారాళపు పరీక్షకుడు, పిసినారి పరీక్షకుడు లేరు. 2007లో యూరపులో ఈ పద్ధతికి ఆమోదం లభించింది. 2010లో 439వ మార్గదర్శిగా ప్రకటించారు.

ఐతే కొత్త పద్ధతి సరియైనదని నిర్ణయించటానికి దేనితో పోల్చారు? పాత కుందేలు ఫలితాలతోనే! కొత్త తరాజును పాత తరాజుతో సరిచూచినట్లయింది. ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చిన మనుష్యులపై 4 గంటల పట్టీ వేసి పోల్చిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. కుందేలు ప్రకోపకాలని తేల్చిన 16 రసాయనాలలో మనుష్యుల చర్మాన్ని గణనీయంగా రేపినవి అయిదే. గాజు పాత్రలోని చర్మం కుందేలుకంటె మనిషికి దగ్గరగా వచ్చింది. దీనిలో ఆశ్చర్యమేమీ లేదు. కుందేలు చర్మం పైపొర పలచన, రోమకూపాలు దట్టం, మనకున్నట్లు ఒళ్లంతా చెమట గ్రంథులు ఉండవు. రసాయనాలు దానిలోనికి తేలికగా దిగుతవి.

దీనినిబట్టి కుందేలు ఎప్పుడూ హెచ్చుగా చెబుతుంది, కనుక మనిషికి క్షేమమే అని వాదించేవారున్నారు. లాష్ లూర్ సంగతి ఆ వాదానికి అడ్డు వస్తుంది. పారాఫినైలీన్‌డయమీన్ ముఖ్యంగా ఎలర్జీ కలిగించే పదార్థం. ఒకసారి పట్టీ వేసి మూడు రోజులు చూచే పరీక్షలో, ఎంతమంది కుందేళ్లపై చేసినా, అది బయటపడదు. దానికి మళ్లీ మళ్లీ తగిలించి, విరామం ఇచ్చి చూడవలెను. ఆ పనికి 1935లోనే లాండ్‌స్టైనరు, జేకబ్స్ గినీపందులను వాడారు. కళ్లు పోగొట్టిన రంగు ఏ పరీక్షకు ప్రేరణ అయిందో, ఆ పరీక్ష ఆ రంగును పట్టుకోలేకపోయి ఉండేది.

యూరపు దేశాలలో సౌందర్య సాధనాల కోసం జంతువులపై పరీక్షలు దశలవారీగా 2004లో, 2009లో నిషేధించి, 2013లో అట్టి సరుకుల అమ్మకాన్ని కూడా నిషేధించారు. భారతదేశంలో 2014లో ఈ పరీక్షలను, జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల దిగుమతిని నిషేధిస్తూ నియమాలు వచ్చినవి. ఇవి ముఖానికి రాసుకొనే వాటికే వర్తిస్తవి. కర్మాగారాలలో వాడే ద్రావణులకు, పురుగుమందులకు వర్తించవు.

గాజు పాత్రలోని చర్మానికీ హద్దులున్నవి. దానిలో రక్తనాళాలు లేవు కనుక అది ఎర్రబడదు, వాయదు. నాడులు లేవు కనుక దానికి నొప్పి లేదు. కణాలు చచ్చినవా, బ్రతికినవా అన్నదే అది చెప్పగలదు. స్వయంగా ఊదారంగులో ఉండే రసాయనం వస్తే లెక్క తారుమారు కాకుండా అదనపు జాగ్రత్తలు తీసుకోవలెను. పలాస ప్రాంతంలో జీడిపిక్కలు ఒలిచేవారికి, రోజంతా సబ్బు నీళ్లలో చేతులు నానే వారికి వచ్చే హాని ఒక్క పట్టీతో వచ్చేది కాదు. నెలల తరబడి కొంచెం కొంచెంగా పేరుకొనేది. పదిహేను నిమిషాలు తగిలించి 42 గంటలు చూచే పద్ధతి గాని, నాలుగు గంటల కుందేలు పట్టీ గాని ఆ హానిని కొలవటానికి ఉద్దేశించినవి కావు.